పై గదికి నలుగురే

ఆమె అన్నేళ్లూ కాపలా కాసింది మమ్మల్నా, వాళ్ల అన్నయ్యనా? ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఒక్కోరోజు మమ్మల్నే అనిపిస్తుంది. మర్నాడు లేచేసరికి ఆ నమ్మకం పోయి ఉంటుంది. అడిగి తెలుసుకునే వీలు ఆ రోజుల్లో రోజుకు రెండుసార్లు ఉండేది. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. కానీ అప్పటికి ఆ ప్రశ్నే పుట్టలేదు.

మా ఊరి గ్రంథాలయం అద్దె ఇంట్లో ఉండేది. వీధి వైపు రెండు గదులు. ఒకదానిలో ఇంటి యజమాని నడిపే రంగుల షాపు, రెండోదానిలో పుస్తకాలు. మధ్యన ఉన్నది ప్లైవుడ్ గోడ. అవతల రంగు డబ్బా మూత తీస్తే ఇవతల పేపరు చదివేవాళ్లకు తుమ్ములొచ్చేవి. పుస్తకాల గది మూల నుంచి నిటారుగా చెక్కమెట్లు పై గదికి వెళ్లేవి. పై గది పొడుగాటిది. రెండు వైపులా కిటికీలు. అంత వెలుతురున్న గది ఊళ్లో మరొకటి ఉండేది కాదు. కానీ అందులోకి ఒకేసారి నలుగురే వెళ్లాలి. గ్రంథాలయం చూసుకునే ఆమె పెట్టిన రూలు అది. కింద ఆమె బల్ల మీద నాలుగు ఇత్తడి బిళ్ళలు ఉండేవి. బిళ్ళ దొరికినవాడు పైకి, దొరకనివాడు బెంచీ మీదికి.

అందువల్ల ఆమెకు బిళ్ళలమ్మ అని పేరు పడింది. మొదట్లో వెనకాల అనేవాళ్లు, తర్వాత ఎదుటే అనేవాళ్లు. చివరికి పురసంఘం ఆఫీసు నుంచి ఫోను వస్తే ఆమే, "లైబ్రరీ నుంచి బిళ్ళలమ్మనండీ, చెప్పండి" అనేది.

"ఏమ్మా, పైన లంకెబిందెలేమైనా దాచావా?" అని అడిగేవాళ్లు బెంచీ మీద కూర్చున్నవాళ్లు.

"ఉంటే నేనిక్కడ మీ మొహాలు చూస్తూ ఎందుకు కూర్చుంటానండీ" అనేది ఆమె, తల ఎత్తకుండానే.

ఆమె ఆ ఇంటి యజమానికి సొంత చెల్లెలు. వాళ్ల నాన్న ఇంటిని పురసంఘానికి ఏడేళ్ల లీజుకు ఇచ్చినప్పుడు ఒక షరతు రాయించాడు: గ్రంథాలయంలో పని మా ఇంటివాళ్లలో ఒకరికి ఇవ్వాలి. సరేనన్న పురసంఘం దాని కిందే ఇంకో షరతు రాసింది: ఇంటివాళ్ల తరఫు మనిషి పని మానేస్తే లీజు రద్దు. ఆయన ఆ ఉద్యోగం కొడుకు కోసమే అడిగాడు. కొడుకు పుస్తకాల మధ్య నాలుగు రోజులు కూర్చుని, అయిదో రోజున ఆ దుమ్ము తన ఒంటికి పడటం లేదని లేచిపోయాడు. అప్పటికి కూతురికి ఇరవై మూడేళ్లు. వేరే ఊళ్లో టీచరు ట్రైనింగులో సీటొచ్చి, పెట్టె సర్దుకుంటోంది. "ఏడేళ్లేగా తల్లీ, ఇట్టే గడిచిపోతాయి" అన్నాడట నాన్న. ఏడేళ్లు నాలుగుసార్లు గడిచాయి. మధ్యలో నాన్న పోయాడు. రెండు సంబంధాలు వచ్చాయి. ఇద్దరివీ వేరే ఊళ్లలో ఉద్యోగాలు. "లీజు పూర్తయ్యాక చూద్దాం" అన్నాడు అన్నయ్య. ఆ మాట వాళ్ల వదిన మా అందరికీ చెప్పి నవ్వేది: "మా ఆడపడుచుకి మొగుడు లేడనకండి. ఆ లీజుకిచ్చి ఎప్పుడో కట్టబెట్టేశారు." బిళ్ళలమ్మ కూడా నవ్వేది.

ఆమె ఉండేది మెట్ల కింద గదిలో. అందులో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. పొద్దున ఎనిమిదింటికి ఆ గదిలోంచి పుస్తకాల గదిలోకి, రాత్రి ఎనిమిదింటికి పుస్తకాల గదిలోంచి ఆ గదిలోకి. నేను చూసినంతలో ఆమె ప్రయాణమంతా ఆ పదడుగులే. సెలవు పెట్టి ఎరగదు. ఒకసారి జ్వరం వస్తే బల్ల మీద తల పెట్టుకునే బిళ్ళలిచ్చింది. "ఇవాళైనా ఆ బిళ్ళల గోల మానెయ్యరాదూ" అన్నారెవరో. "జ్వరం నాకండీ, బిళ్ళలకి కాదు" అంది.

నేను అప్పట్లో ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దేవాణ్ణి. సాయంత్రాలు, ఆదివారాలు పై గదిలో పడమటి కిటికీ పక్కనే ఉండేవాణ్ణి. పదకొండేళ్లు. ఆ కిటికీ పక్క నుంచి ఒకటి గమనించాను కానీ అర్థం చేసుకోలేదు. పైన ఎవరైనా కుర్చీ జరిపినా, పుస్తకం జారవిడిచినా కింద ఆమె మాట ఠక్కున ఆగిపోయేది. కాసేపటికి మళ్లీ మొదలయ్యేది. నిశ్శబ్దం అంటే పట్టింపు అనుకునేవాణ్ణి. బరువైన పత్రికల సంపుటాలు పై గదిలోంచి ఏడాదికి కొన్ని చొప్పున మాయమై కింద మెట్ల దగ్గర పేరుకునేవి. అది చాదస్తం అనుకునేవాణ్ణి.

నాలుగో లీజు ముగిసే ఏడాది ఊరు రెండుగా చీలింది. సొంత భవనం కట్టాలని ఒక వర్గం, లీజే పొడిగించాలని ఇంకో వర్గం. టీ కొట్లో నిలబడితే చాలు, "మీరు అద్దెవాళ్లా, కట్టేవాళ్లా?" అని అడిగేవాళ్లు. కట్టేవాళ్లకు పెద్ద మా రిటైరైన హెడ్మాస్టారు. ఆయన కాగితం మీద భవనం గీసుకుని అందులో కుళాయి ఎక్కడుండాలో కూడా నిర్ణయించేశాడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుక్కి పేరు పెట్టాడు మాస్టారు" అని అద్దెవాళ్లు వెక్కిరించేవాళ్లు. ఇక అద్దెవాళ్ల దగ్గర ఒకే బలమైన వాదన: "పాతికేళ్ల పైబడి అక్కడే పడున్న ఆడమనిషి పొట్ట కొడతారా?" కట్టేవాళ్లు కూడా ఆమె పేరే వాడేవాళ్లు: "ఆ తల్లి ఇంకెన్నాళ్లు ఆ ఇరుకులో మగ్గాలి?" ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడగలేదని ఆమె బాధపడినట్టూ లేదు. ఎవరు వచ్చినా బిళ్ళ ఇచ్చి పంపేది.

నేను ఏ పక్షమూ కాదు. అలాంటివాణ్ణి ఒక ఆదివారం బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాను. పదకొండేళ్లలో మొదటిసారి నాకు బిళ్ళ దొరకలేదు. ఎవరో కాలేజీ పిల్ల నా కిటికీ పక్కన కూర్చుందని తెలిసింది. "అయిదో కుర్చీ వేస్తే ఏమవుతుందమ్మా?" అన్నాను. "అవదండీ" అందామె. "అదే, ఎందుకవదు?" "అవదండీ." ఆ ఉక్రోషంతో ఇంటికి పోయి పురసంఘానికి అర్జీ రాశాను. నలభై మంది పట్టే గదిలోకి నలుగురినే పంపిస్తున్నారని, చోటు చాలకపోవడమే ఈ అద్దె ఇంటికి పెద్ద లోపమని రాశాను. రెండుసార్లు దిద్దుకుని హెడ్మాస్టారికిచ్చాను. ఆయన చదివి, "ఇన్నాళ్లూ ఎక్కడున్నావయ్యా నువ్వు!" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

సభ పురసంఘం హాల్లో జరిగింది. హెడ్మాస్టారు లేచి నా అర్జీ గట్టిగా చదివాడు. హాలంతా చప్పట్లు. అప్పుడు రంగుల షాపు అన్నయ్య లేచాడు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. లేస్తూ చొక్కాకు అంటిన రంగు మరకను చేత్తో కప్పుకున్నాడు.

"పైన చోటు లేదని ఎవరన్నారు? నలుగురే అన్నది ఇల్లు కాదు కదా. మా చెల్లెలు. దానికి కాస్త చాదస్తం. ఆ రూలు తీసేస్తే సరిపోదా?"

పురసంఘం అధ్యక్షుడి మొహం వెలిగిపోయింది. కర్ర విరగకుండా పాము చచ్చే దారి దొరికిందన్నమాట. "అంతేగా! బిళ్ళలు రద్దు. పైన ఇరవై అయిదు కుర్చీలు. లీజు ఇంకో ఏడేళ్లు. కట్టేవాళ్లకి చోటు దొరికింది, అద్దెవాళ్లకి ఇల్లు దొరికింది. సోమవారం కుర్చీలు పంపిస్తాం. ఏమ్మా బిళ్ళలమ్మా, సంతోషమేనా?"

ఆమె వెనక వరసలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "కుదరదండీ" అంది.

"ఏం, ఎందుకు కుదరదు?"

ఆమె వాళ్ల అన్నయ్య వీపు వైపు చూసింది. ఆయన తిరగలేదు. "పైకి నలుగురే వెళ్లాలి" అంది మళ్లీ.

హాలు పగలబడి నవ్వింది. "అలవాటమ్మా, అలవాటు! పంజరం తలుపు తీసినా చిలక బయటికి రానంటోంది" అన్నారెవరో. నేనూ నవ్వాను.

గురువారం ప్రెస్సులో పని లేక మధ్యాహ్నమే గ్రంథాలయానికి వెళ్లాను. బల్ల దగ్గర ఎవరూ లేరు. ఆమె షాపులో ఉన్నట్టుంది. ప్లైవుడ్ గోడ అవతల నుంచి మాటలు వినిపిస్తున్నాయి.

"ఇరవై అయిదు కుర్చీలట అన్నయ్యా."

"విన్నాను."

"వాటి మీద మనుషులు కూడా కూర్చుంటారు."

"ఏదో ఒకటి సర్దుదువుగాని. ఇన్నాళ్లూ సర్దలేదా?"

"ఇన్నాళ్లూ ఎక్కింది నలుగురు. అందులో ఇద్దరు ముసలాళ్లు. ఒకాయనైతే ఫ్యాను వేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు." ఆ ఎగిరిపోయేవాణ్ణి నేనే. "ఇరవై అయిదుగురిని ఆ దూలాలు మొయ్యవు. సగం చెదలు తినేశాయి. పదిహేనేళ్ల కింద ఆ ఇనుప బీరువా ఎక్కించినప్పుడు వచ్చిన చప్పుడు నువ్వూ విన్నావు, నేనూ విన్నాను."

"మెల్లగా మాట్లాడు."

"నేను అప్పుడే అన్నాను" అంది వదిన గొంతు. "బాగుచేయించండి మొర్రో అంటే కింద అట్టల సీలింగ్ కొట్టించి తెల్లరంగు వేశారు. పుండు మీద పట్టుగుడ్డ కప్పినట్టు."

"బాగుచెయ్యాలంటే పై గది మొత్తం విప్పాలి. విప్పితే లైబ్రరీ ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేస్తే లీజు పోయినట్టే. ఎన్నిసార్లు చెప్పాలి? ఈ షాపు నడిచి ఎన్నేళ్లయిందో నీకు తెలీదా? మన ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ అద్దె వల్లే." గొంతు తగ్గించి, "లీజు పోతే నీ పనీ పోతుంది. తెలుసుగా?" అన్నాడు.

"అది తెలియబట్టేగా ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను."

అవతల రంగు డబ్బా మూత బిగించిన చప్పుడైంది.

"నువ్వే చెప్పన్నయ్యా. ఇల్లు నీది. నువ్వు చెప్తే నిజాయితీ అంటారు. నేను చెప్తే నిన్ను పట్టించినట్టుంటుంది."

"సోమవారం దాకా చూద్దాం."

"చూద్దాం చూద్దామనే పదిహేనేళ్లు అయింది."

ఆమె ఇవతలికి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"ఎప్పుడొచ్చారు?"

"ఇప్పుడే."

"ఇప్పుడే అంటే?"

"ఇరవై అయిదు కుర్చీల దగ్గర్నుంచి" అన్నాను. అబద్ధం నోటికి రాలేదు.

ఆమె తన కుర్చీలో కూర్చుంది. కోపంగా లేదు. "పైన నాలుగు కుర్చీలూ గోడవారనే ఎందుకుంటాయో మీకెప్పుడూ తోచలేదా?"

"కిటికీ వెలుతురు కోసమనుకున్నాను."

"అలా అనుకోవాలనే వేశాను." బిళ్ళలు నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చింది, మళ్లీ విడదీసింది. "చెప్తారా ఎవరికైనా?"

"మీరు చెప్పమంటే చెప్తాను."

"చెప్పమని నేనెలా అంటానండీ? మా అన్నయ్య." తలెత్తి చూసింది. "చెప్పొద్దని కూడా ఎలా అంటాను? మీ అందరి ప్రాణాలు."

ముందు నుయ్యి వెనక గొయ్యి అని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ రెండింటి మధ్య నిలబడిన మనిషిని ఎదురుగా చూడటం అదే మొదలు. "ఇవాళ బిళ్ళ అక్కర్లేదు లెండి" అని వచ్చేశాను. శుక్రవారం గడిచింది, శని, ఆదివారాలు గడిచాయి. నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె చెబుతుందిలే అనుకున్నాను. ఆమె వాళ్ల అన్నయ్య చెబుతాడని చూస్తోంది. వాళ్ల అన్నయ్య ఎవరి కోసం చూస్తున్నాడో నాకు తెలియదు.

సోమవారం పదింటికి వ్యాను వచ్చింది. ఇరవై అయిదు కుర్చీలూ ఒకదానిలో ఒకటి దూర్చి తాళ్లతో కట్టి ఉన్నాయి. అధ్యక్షుడు, పురసంఘం ఇంజనీరు, హెడ్మాస్టారు, ఇంకో పాతికమంది. కుర్చీలు ఎత్తుకున్న కూలీలిద్దరూ మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ఆమె మొదటి మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఏంటమ్మా ఇది, చిన్నపిల్లలా దారికడ్డం?" అన్నాడు అధ్యక్షుడు.

షాపు గుమ్మంలో వాళ్ల అన్నయ్య పుల్లతో రంగు డబ్బా కలుపుతున్నాడు. కొనేవాళ్లెవరూ లేరు.

"అన్నయ్యా" అని పిలిచింది.

ఆయన కలుపుతూనే ఉన్నాడు. ఆమె ఎదురుచూసింది. కూలీ ఒకడు కుర్చీలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. ఆమె రెండోసారి పిలవలేదు. లేచి నిలబడింది.

"ఇంజనీరుగారూ, మీరిద్దరే రండి. గోడ పక్కనే నడవాలి. మధ్యలోకి రాకండి."

ఆమె వెనక అధ్యక్షుడూ ఇంజనీరూ పైకి వెళ్లారు. నేను పైనుంచి నాలుగో మెట్టు దాకా ఎక్కి తల పైకి పెట్టి చూశాను. ఆమె నేల మీద పరిచిన చాప చుట్టేసింది. గోడవారన ఒక గుండ్రటి పెన్సిల్ పెట్టి చెయ్యి తీసేసింది. పెన్సిల్ కాసేపు ఆలోచించినట్టు ఆగి, మెల్లగా దొర్లడం మొదలుపెట్టింది. పోనుపోను వేగం పెరిగింది. గది నడిమధ్యకు వెళ్లి ఆగింది. ఒక కాలు ఎత్తిన అధ్యక్షుడు దాన్ని ఎక్కడ దించాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

కిందికి వచ్చి ఇంజనీరు సీలింగ్ అట్ట ఒకటి ఊడలాగాడు. గోధుమ రంగు పొడి ధారగా ఆయన భుజాల మీద పడింది. దూలంలో వేలు పెడితే రెండు కణుపుల దాకా దిగింది. లీజు పొడిగించిన ప్రతిసారీ ఇదే ఇంజనీరు అదే తెల్ల సీలింగ్ చూసి, టీ తాగి, సంతకం పెట్టి వెళ్లినవాడు. ఆయన భుజాల మీది పొడి దులుపుకున్నాడు.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?" అన్నాడు అధ్యక్షుడు.

"పదిహేనేళ్లు."

గుంపులోంచి బట్టలు కుట్టే ఆమె ముందుకు వచ్చింది. "మా అమ్మాయి పరీక్షలకి పైనే కూర్చుని చదివిందమ్మా. రోజూ పొద్దున నువ్వే దాని చేతికి బిళ్ళ ఇచ్చావు. నవ్వుతూ ఇచ్చావు."

"తనతో కలిపి నలుగురేనండీ పైన."

"ఆ లెక్క నువ్వు నమ్ముకో" అంది బట్టలు కుట్టే ఆమె.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. మనిషివేనా అన్నారు. అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి ఊరిని పాడె మీద కూర్చోబెట్టారన్నారు. పాతికేళ్లుగా అక్కడే పడున్న ఆడమనిషి అంటూ ఆమె మీద జాలిపడిన నోళ్లే అవి. నేను ఆ గుంపులోనే ఉన్నాను. నాకూ నాలుగు రోజులుగా తెలుసునని ఒక్క మాట అని ఉంటే ఆ చూపుల్లో కొన్నయినా నా మీదికి మళ్లేవి. అనలేదు. హెడ్మాస్టారు నా భుజం తట్టి, "మనం గెలిచామయ్యా. నీ అర్జీయే గెలిపించింది" అన్నాడు.

వారం తిరక్కుండా తీర్మానం జరిగింది. సొంత భవనం కట్టాలి. అది పూర్తయ్యేదాకా పుస్తకాలు స్కూలు వెనక షెడ్డులో ఉంచాలి. లీజు రద్దు. ఆఖరి పేరాలో ఇంకో వాక్యం: లీజుతో వచ్చిన ఉద్యోగం లీజుతోనే ముగుస్తుంది. పుస్తకాలు కట్టలు కట్టే పని మాత్రం ఆమెనే పూర్తి చెయ్యమన్నారు. ఏది ఎక్కడుందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు మరి.

పదిహేడు రోజులు కట్టింది. వాళ్ల అన్నయ్య ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే భార్యకు చెప్పేవాడు. ప్లైవుడ్ గోడ ఇవతల ఉన్న ఆమెకు అన్నీ వినపడేవి. "మీ ఇద్దరి మధ్యా నేను పోస్టుమాన్ని కాను" అని వదిన ఒకరోజు గరిటె విసిరేసింది. నేను రోజూ సాయంత్రం వెళ్లి కట్టలు అందించేవాణ్ణి. చెప్పాలనుకున్నది గొంతుదాకా వచ్చేది. "ఈ ముడి ఇంకాస్త బిగించండి" అనేది ఆమె. బిగించేవాణ్ణి. ఒకరోజు తెగించి, "అమ్మా, ఆ అర్జీ రాసింది నేనే" అన్నాను.

"తెలుసండీ. ఊళ్లో అచ్చుతప్పు లేకుండా రాసేది ఇంకెవరు?" అంది. ఆ తర్వాత తాడు కత్తిరించమంది.

ఆఖరి రోజు పొద్దున వ్యాను మూడోసారి వచ్చింది. హెడ్మాస్టారు వ్యాను మీదికెక్కి ఏ కట్ట ఎక్కడ పెట్టాలో కేకలేస్తున్నాడు. వాళ్ల అన్నయ్య షాపు సగం షట్టరు దించుకుని లోపల కూర్చున్నాడు. అట్లాసులు ఎందులోనూ పట్టక నేను రెండు చేతులా మోసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆమె లోపల్నుంచి వచ్చింది. భుజానికి ఒక గుడ్డ సంచి. నా పక్క నుంచి వెళ్లాలంటే నేను కాస్త జరగాలి. జరిగాను. తాడు అయిపోయింది, కొనుక్కురావడానికి వెళ్తోందనుకున్నాను. వీధి మెట్లు దిగింది, వ్యాను పక్క నుంచి వెళ్లింది, సైకిలు బాగుచేసే కొట్టు దాటి మలుపు తిరిగింది. వెనక్కి చూడలేదు. తాడుకు వెళ్లే మనిషి వెనక్కి చూడాల్సిన పనేముంది?

తాడుకు వెళ్లిందని అందరికీ చెప్పాను. అరగంట చూశాం. డ్రైవరు హారన్ కొట్టాడు. "ఈవిడ తాడు పేనుకొస్తోందా ఏంటి?" అన్నాడు హెడ్మాస్టారు. వదిన బయటికి వచ్చింది. "తాడు నన్నడిగితే ఇవ్వనా? ఇంట్లో బోలెడుంది" అంటూ మెట్ల కింద గదిలోకి తొంగి చూసింది. చాలాసేపు అలాగే చూసింది. పరుపు చుట్టి మంచం కోళ్లకు ఆనించి ఉంది. గోడ మేకులకు బట్టల్లేవు.

"ఏవండీ" అంది షట్టరు వైపు తిరిగి. "మీ చెల్లెలు వెళ్లిపోయింది."

నేను అట్లాసులతోనే మలుపు దాకా వెళ్లాను. పదింటి బస్సు వెళ్లి పావుగంట అయిందన్నాడు సైకిళ్లతను.